పరిశోధన స్థానాల కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ నవీకరణ: ఆలస్యానికి కారణాలు, సులభతరం చేసిన పద్ధతులు

పరిశోధన స్థానంలో నమోదైన దిగుబడి వివరాలు నేడు కాగితంపై కంటే కంప్యూటర్‌లోనే ఎక్కువ కాలం నిలిచి ఉంటున్నాయి. వాతావరణ కేంద్రపు నమోదులు, భూసార పరీక్షల ఫలితాలు, రైతుల పొలాలలో వేసిన చిరుసంచుల ప్రయోగాల నివేదికలు, విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలోని గణాంక విశ్లేషణలు అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, దానిపై నడిచే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినవే. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించుకోవాలన్న సలహా అందరికీ తెలిసినదే. అయినప్పటికీ ‘అప్‌డేట్ సిద్ధంగా ఉంది’ అన్న సూచన తెరపై కనబడగానే వాయిదా మీటను నొక్కడం సర్వసాధారణం. దీనిని కేవలం నిర్లక్ష్యంగా భావించడం సరికాదు. వాయిదా వెనుక సహేతుకమైన కారణాలు మూడు ఉన్నాయి. దిగుమతికి చాలా సమయం పడుతుంది. పని మధ్యలో యంత్రం ఆగిపోతుంది. నవీకరణ తరువాత, అంతవరకు చక్కగా పనిచేసినది పనిచేయకపోవచ్చునన్న భయం ఉంటుంది. గత 20 సంవత్సరాలలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు మొదటి రెండు సమస్యలకు మంచి పరిష్కారాలు చూపారు. మూడవది ఇంకా పూర్తిగా తీరలేదు. దానిని ఎదుర్కొనే పద్ధతి మాత్రం కొత్త వంగడాలను విడుదల చేసే శాస్త్రవేత్తలకు చిరపరిచితమైనదే.

వాయిదా వల్ల కలిగే నష్టం

2017 మే 12న వన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడుదలకు సొమ్ము కోరింది. బ్రిటన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రులలో వేల సంఖ్యలో వైద్య పరీక్షలు, శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. ఆ ప్రోగ్రామ్ వాడుకున్న లోపాన్ని సరిదిద్దే నవీకరణను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14నే, అనగా 59 రోజుల ముందే విడుదల చేసింది. అప్పటికే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీ యంత్రాలే నష్టపోయాయన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నది కాని, దెబ్బతిన్న వాటిలో అత్యధిక భాగం విండోస్ 7 యంత్రాలు. వాటికి దిద్దుబాటు అందుబాటులోనే ఉన్నది. మందు లేక పోయిన పంట కాదది, చేతిలో ఉన్న మందు చల్లక పోయిన పంట.

శత్రువు లేకుండా కూడా నష్టం జరగవచ్చు. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంప్రదాయ సంకేతంలో వారం సంఖ్యకు 10 బిట్లు మాత్రమే కేటాయించారు. కనుక 1024 వారాలకు ఒకసారి, అనగా సుమారు 19.6 సంవత్సరాలకు ఒకసారి, ఆ సంఖ్య తిరిగి సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులోను, 2019 ఏప్రిల్ 6న ఇదే జరిగింది. మళ్లీ 2038 నవంబరులో జరుగుతుంది. లోపలి సాఫ్ట్‌వేర్‌ను, అనగా ఫర్మ్‌వేర్‌ను, సకాలంలో నవీకరించని కొన్ని గ్రాహకాలు తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనుకకు చూపాయి. ఫర్మ్‌వేర్ తయారైన తేదీని బట్టి కొన్నింటిలో ఈ పొరపాటు వేరొక రోజున బయటపడుతుంది. మట్టి నమూనాలు తీసిన స్థలాన్ని, తేదీని ఒకే పరికరంతో నమోదు చేసేవారికి ఇది గమనించదగిన విషయం. స్థానం సరిగానే వస్తుంది కనుక తేదీలోని తప్పు వెంటనే కంటబడదు.

తేడాను మాత్రమే పంపడం

నవీకరణ వేగాన్ని పెంచిన మొదటి ఆలోచన సరళమైనది. పాత ప్రోగ్రామ్ వాడుకరి యంత్రంలో ఇప్పటికే ఉన్నది. కొత్తదానిని మొత్తంగా పంపనవసరం లేదు, రెండింటి మధ్య తేడాను పంపితే చాలు. మొలక రాని చోట పోగుంటలు పెడతారు గాని చేనంతటినీ తిరిగి విత్తరు. ఆచరణలో దీనికి ఒక చిక్కు ఎదురైంది. ప్రోగ్రామ్‌లోని ఆదేశాలు ఒకదానినొకటి చిరునామాలతో ప్రస్తావించుకుంటాయి. మధ్యలో ఒక ఆదేశం కొత్తగా చేరితే దాని తరువాత ఉన్నవాటి చిరునామాలన్నీ జరిగిపోతాయి. ప్రయోగ క్షేత్రపు పటంలో 5వ మడి తరువాత ఒక కొత్త మడిని చేర్చితే ఆ తరువాతి మడుల సంఖ్యలన్నీ మారినట్లే ఇది. జరిగిన మార్పు ఒక్కటి. దిద్దవలసిన చోట్లు వందలు. అందువల్ల ఫైళ్లను అక్షరాక్షరం పోల్చే పాత పద్ధతులతో తయారైన తేడా ఫైలు కూడా పెద్దదిగానే ఉండేది.

కోలిన్ పెర్సివల్ 2003 ప్రాంతంలో రూపొందించిన బీఎస్‌డిఫ్ అనే పద్ధతి ఈ చిక్కును కొంతవరకు విప్పింది. రెండు భాగాలు పూర్తిగా సమానం కాకపోయినా ‘దాదాపు సమానం’ అయితే వాటిని జతచేసి, మిగిలిన చిన్న తేడాలను విడిగా కుదించి పంపడం ఇందులోని కిటుకు. 2009లో గూగుల్ సంస్థ క్రోమ్ బ్రౌజర్ కోసం తయారుచేసిన కూర్‌జెట్ మరొక అడుగు ముందుకు వేసింది. అది ప్రోగ్రామ్‌ను విప్పి, చిరునామాల స్థానంలో గుర్తులను ఉంచి, ఆ తరువాత పోలుస్తుంది. మడులను సంఖ్యలతో కాక వాటిలోని వంగడాల పేర్లతో పిలిస్తే కొత్త మడి చేరినా మిగిలిన పేర్లు మారవు కదా. ఒక క్రోమ్ నవీకరణకు ఆ సంస్థ ప్రకటించిన లెక్కలు ఇవి: పూర్తి ప్యాకేజీ 1,03,85,920 బైట్లు; బీఎస్‌డిఫ్ తేడా 7,04,512 బైట్లు; కూర్‌జెట్ తేడా 78,848 బైట్లు. అనగా పూర్తి పరిమాణంలో 130వ వంతు కంటే తక్కువ.

అయితే తేడాను పంపాలంటే వాడుకరి వద్ద ఉన్న పాత రూపం ఏదో కచ్చితంగా తెలియాలి. ఆరు నెలలుగా నవీకరించని యంత్రానికి ఒక తేడా, నిరుటి యంత్రానికి మరొక తేడా కావాలి. విండోస్ 10లో 2018 నాటి కూర్పు నుంచి దీనికి చక్కని మార్గం కనుగొన్నారు. ప్రతి నవీకరణలోను మూల రూపం నుంచి ముందుకు వెళ్లే తేడాతో పాటు, తిరిగి మూల రూపానికి వచ్చే తేడా కూడా ఉంటుంది. యంత్రం ఎక్కడ ఉన్నా ముందు మూలానికి వచ్చి, అక్కడి నుంచి తాజా రూపానికి చేరుకుంటుంది. అందరికీ ఒకే ప్యాకేజీ సరిపోతుంది. నెలనెలా వచ్చే విండోస్ నవీకరణలు సంచితమైనవి కావడం కూడా వాడుకరికి సౌకర్యమే. తాజా దానిని ఒక్కదానిని వేసుకుంటే మునుపటి దిద్దుబాట్లు అందులోనే ఉంటాయి. ఏది ముందు, ఏది తరువాత అన్న ప్రశ్న ఉండదు.

గ్రామీణ ప్రాంతాలలోని కృషి విజ్ఞాన కేంద్రాలకు ఇంతకంటే తక్షణ ఉపయోగం కలిగించేది మరొకటి ఉన్నది. ఒక ప్రయోగశాలలో 40 కంప్యూటర్లు, 10 మెగాబిట్ల ఇంటర్నెట్ ఉన్నాయనుకుంటే, 700 మెగాబైట్ల నవీకరణను ఒక్కొక్కటి విడిగా తెచ్చుకోవడానికి మొత్తం ఆరు గంటలకు పైగా పడుతుంది. ఒక్క ప్రతిని మాత్రమే బయటి నుంచి తెచ్చి, లోపలి నెట్‌వర్క్‌లో పంచుకుంటే బయటి అనుసంధానంపై పడే భారం పది నిమిషాల లోపే. విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ అనే ఏర్పాటు ఈ పనిని అదనపు ఖర్చు లేకుండా చేస్తుంది. లినక్స్ యంత్రాలు ఉన్నచోట నవీకరణలను నిలువ ఉంచే ఒక స్థానిక సర్వర్‌ను పెట్టుకోవచ్చు. పంచుకున్న ప్రతి మధ్యలో మారిపోతుందేమోనన్న సందేహం అవసరం లేదు. నవీకరణ ప్యాకేజీలపై తయారీదారుని డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క బిట్ మారినా యంత్రం దానిని తిరస్కరిస్తుంది.

పాత పైరు నిలిచి ఉండగానే నారుమడి

రెండవ సమస్య యంత్రం ఆగిపోవడం. నడుస్తున్న వ్యవస్థలోని ఫైళ్లను దానిచేతనే మార్పించడం పాత పద్ధతి. అందుకే అన్ని పనులు ఆపి, పునఃప్రారంభించి, ‘కంప్యూటర్‌ను ఆపవద్దు’ అన్న హెచ్చరిక ముందు కూర్చోవలసి వచ్చేది. ఆ సమయంలో విద్యుత్తు పోతే పాతది సగం పోయి, కొత్తది సగం వచ్చి, యంత్రం మొరాయించేది. విద్యుత్ కోతలు తెలిసిన ప్రాంతాలలో వాయిదా మీట ఎందుకంత ప్రియమైనదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

దీనికి క్రోమ్ ఓఎస్ చూపిన పరిష్కారాన్ని 2016లో ఆండ్రాయిడ్ 7 కూడా స్వీకరించింది. నిలువ స్థలంలో వ్యవస్థకు రెండు గదులు ఉంటాయి. ఒక గదిలోని వ్యవస్థ పనిచేస్తుండగా రెండవ గదిలో కొత్త రూపం నిశ్శబ్దంగా సిద్ధమవుతుంది. పొలంలో పాత పైరు ఉండగానే పక్కన నారుమడి పెంచుకున్నట్లు. తరువాతి పునఃప్రారంభంలో యంత్రం రెండవ గది నుంచి మొదలవుతుంది. వాడుకరికి ఒక్క నిమిషం ఆలస్యమే తెలుస్తుంది. కొత్త రూపం లేవలేకపోతే యంత్రం తనంతట తానే పాత గదికి తిరిగి వస్తుంది. వేగం కంటే ఈ రెండవ గుణమే విలువైనదని చెప్పాలి. స్థలం అధికంగా అవసరం కావడం ఇందులోని లోపం. ఆండ్రాయిడ్ 11 నుంచి మారిన భాగాలను మాత్రమే తాత్కాలికంగా నిలువ చేసే పద్ధతితో దానిని తగ్గించారు.

ఆండ్రాయిడ్‌లో ఆలస్యానికి మరొక మూలం కూడా ఉండేది. గూగుల్ విడుదల చేసిన రూపాన్ని ముందు చిప్ తయారీదారు, తరువాత ఫోన్ తయారీదారు తమ పరికరాలకు సవరించుకోవాలి. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ట్రెబుల్ ఏర్పాటు పరికరానికి సంబంధించిన భాగాన్ని మిగిలిన వ్యవస్థ నుంచి వేరుచేసింది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి కొన్ని కీలక భాగాలు సాధారణ యాప్‌ల వలెనే ప్లే స్టోర్ మార్గంలో నవీకరణ పొందుతున్నాయి. పొలంలో పంట వివరాలను ఫోన్లు, ట్యాబ్‌లలో నమోదు చేసే సిబ్బందికి పరికరాలను ఎంపిక చేసేటప్పుడు ధర, కెమెరాలతో పాటు భద్రతా నవీకరణలు ఎన్ని సంవత్సరాలు ఇస్తారన్నది కూడా టెండరు షరతులలో ఉండడం సమంజసం.

పొలంలోని సెన్సర్ల సంగతి వేరు. బ్యాటరీతో నడిచే నేల తేమ సెన్సర్లు తరచుగా లోరావాన్ అనే తక్కువ శక్తి రేడియో పద్ధతిని వాడతాయి. భారతదేశంలో ఇది 865–867 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తుంది. దూరపు పరికరాలకు వాడే అతి నెమ్మది స్థాయిలో ఒక సందేశంలో 51 బైట్లకు మించి సమాచారం పట్టదు. 100 కిలోబైట్ల ఫర్మ్‌వేర్‌ను పంపడానికి 2,000కు పైగా సందేశాలు కావాలి. ఈ సెన్సర్లు సాధారణంగా తాము సమాచారం పంపిన వెంటనే కొద్ది క్షణాలు మాత్రమే వింటాయి. గంటకు ఒకసారి పంపే సెన్సర్‌కు గంటకు ఒక ముక్క చొప్పున చేర్చితే ఒక్క నవీకరణకు 84 రోజులు పడుతుంది. ఈలోగా స్వల్పకాలిక అపరాల పంట ఇంటికి చేరుతుంది. అందువల్ల 2018లో లోరా అలయన్స్ వేరొక విధానాన్ని ప్రమాణీకరించింది. సెన్సర్లన్నీ తమ గడియారాలను సరిచూసుకొని, నిర్ణీత సమయంలో ఒకేసారి మేల్కొని, ఒకే ప్రసారాన్ని కలిసి వింటాయి. ప్రసారంలో కొన్ని అదనపు ముక్కలు కలిపి పంపుతారు. దారిలో కొన్ని పోయినా మిగిలిన వాటి నుంచి సెన్సరే లెక్క కట్టి పూరించుకుంటుంది. సెన్సర్లు కొనేముందు ఈ సౌకర్యం ఉన్నదో లేదో విచారించని సంస్థ, తరువాత ఒక్కొక్క సెన్సర్ వద్దకు ల్యాప్‌టాప్ మోసుకొని వెళ్లవలసి వస్తుంది.

వేగం పెరిగితే తప్పు కూడా వేగంగా చేరుతుంది

2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 నవీకరణ కొందరు వాడుకరుల పత్రాలను తుడిచివేసింది. పత్రాల ఫోల్డరును వేరొక చోటికి మార్చుకొని, పాత ఫోల్డరులో కూడా ఫైళ్లు ఉంచుకున్నవారి విషయంలో, పాత ఫోల్డరు ఖాళీదన్న భావనతో నవీకరణ దానిని తొలగించింది. నాలుగు రోజులలో విడుదలను నిలిపివేసి, నవంబరు 13న తిరిగి విడుదల చేశారు. ఈ ఉదంతంలో గుర్తుంచుకోదగిన అంశం ఒకటి ఉన్నది. ముందస్తు పరీక్షకులలో కొందరు ఈ నష్టాన్ని విడుదలకు ముందే తెలియజేశారు. ఫిర్యాదుల సంఖ్య తక్కువ కావడంతో అవి మరుగున పడ్డాయి. ఆ తరువాతనే ఫిర్యాదు పత్రంలో సమస్య తీవ్రతను తెలిపే అవకాశం కల్పించారు. సగటును మాత్రమే చూసి, ఒక మడిలో పూర్తిగా ఎండిన మొక్కలను విస్మరించడం వంటి పొరపాటు ఇది.

2024 జులై 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న సమాచార ఫైలును పంపింది. అందులోని దోషం వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయి. 10:57కే ఆ ఫైలును ఉపసంహరించినా, పడిపోయిన యంత్రాలు తిరిగి లేవలేకపోవడంతో దిద్దుబాటును అందుకోలేకపోయాయి. ఒక్కొక్క యంత్రం వద్దకు మనిషి వెళ్లి సరిచేయవలసి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇచ్చారు. ఆ సంస్థ ప్రధాన సాఫ్ట్‌వేర్ నవీకరణలను దశలవారీగా స్వీకరించే వీలు వాడుకరులకు ఉన్నది. ఈ చిన్న సమాచార ఫైళ్లకు మాత్రం ఆ నియమం వర్తించలేదు. 78 నిమిషాలలో ప్రపంచమంతటికీ చేరగల వేగమే ఇక్కడ నష్టానికి కారణమైంది.

ఏ వంగడమూ పరిశోధన స్థానంలో ఒక్క ఋతువు బాగున్నంత మాత్రాన రాష్ట్రమంతటికీ విడుదల కాదు. బహుళ ప్రాంతీయ పరీక్షలు, రైతుల పొలాలలో చిరుసంచుల ప్రయోగాలు దాటాలి. నవీకరణలకు కూడా సరిగ్గా ఇదే వర్తిస్తుంది. సంస్థలోని కంప్యూటర్లలో ముందుగా రెండు మూడింటికి నవీకరణ ఇచ్చి, కొద్ది రోజుల తరువాత నాలుగవ వంతు యంత్రాలకు, ఆపై మిగిలిన వాటికి ఇవ్వడం మంచిది. మొదటి రెండు మూడూ ఒకే నమూనా యంత్రాలైతే పరీక్షకు అర్థం లేదు. వేర్వేరు నేలలను ఎంచుకున్నట్లే పాతది ఒకటి, కొత్తది ఒకటి, ప్రింటరుకో పరికరానికో కలిపినది ఒకటి ఎంచుకోవాలి. భద్రతా దిద్దుబాట్లను వారం పది రోజులకు మించి ఆపరాదు; పెద్ద కూర్పు మార్పులను మాత్రం విశ్లేషణల ఒత్తిడి లేని కాలానికి జరపవచ్చు.

గణాంక సాఫ్ట్‌వేర్ విషయంలో ప్రత్యేక జాగ్రత్త

ఇక్కడ ప్రమాదం వేరు. నవీకరణ విఫలం కాదు, యంత్రం ఆగదు. ఫలితం మాత్రం మారుతుంది. 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఆర్ 3.6.0లో యాదృచ్ఛిక ఎంపిక చేసే శాంపిల్ ఫంక్షన్ లోపలి పద్ధతిని మార్చారు. పాత పద్ధతిలో పెద్ద సంఖ్యల మధ్య ఎంపిక పూర్తిగా సమానంగా లేదన్నది కారణం; మార్పు సబబైనదే. కాని దాని పర్యవసానంగా అదే సీడ్ సంఖ్య ఇచ్చినా పాత కూర్పులో ఒక క్రమం, కొత్త కూర్పులో మరొక క్రమం వస్తాయి. రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌కు మడుల కేటాయింపును ఆర్‌లో తయారుచేసి, పటాన్ని భద్రపరచక, ‘సీడ్ సంఖ్య ఉన్నది కదా’ అని నమ్మిన విద్యార్థి నవీకరణ తరువాత దానిని తిరిగి తయారుచేస్తే, పొలంలో లేని కేటాయింపు తెరపైకి వస్తుంది. ఒక చర్య దిగుబడి మరొక చర్య ఖాతాలో పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ దోషాన్నీ సూచించదు. విశ్లేషణ పట్టిక యథావిధిగా ముద్రితమవుతుంది. పాత క్రమమే కావాలంటే ఆర్‌ఎన్‌జీకైండ్ ఆదేశంతో ‘రౌండింగ్’ పద్ధతిని ఎంచుకునే వీలు ఉన్నది. అయితే తేడా వచ్చిందని ముందు తెలియాలి.

2020 ఏప్రిల్ నాటి ఆర్ 4.0.0లో, ఫైలు నుంచి చదివిన అక్షర పదాలను కారకాలుగా మార్చే అలవాటును తొలగించారు. వేరియన్స్ విశ్లేషణ దీనివల్ల సాధారణంగా చెడదు, ఆ ఫంక్షన్లు అక్షరాలను తామే కారకాలుగా తీసుకుంటాయి. కారక స్థాయుల జాబితాను అడిగే పాత స్క్రిప్టులు మాత్రం శూన్యాన్ని ఇస్తాయి. ఈ కారణాల వల్ల నవీకరణను మానుకోవడం పరిష్కారం కాదు. ఒక ప్రయోగం మొదలైనప్పటి కూర్పుతోనే అది ముగియాలి. రెన్వ్ వంటి ప్యాకేజీ ఆ ప్రాజెక్టుకు వాడిన ప్యాకేజీల కూర్పులను నమోదు చేసి, అవసరమైనప్పుడు తిరిగి స్థాపిస్తుంది. సెషన్‌ఇన్‌ఫో ఆదేశం ఇచ్చే కూర్పుల వివరాన్ని సిద్ధాంత గ్రంథపు అనుబంధంలో చేర్చడానికి అర పేజీ చాలు. ఎరువు మోతాదును, విత్తిన తేదీని రాయని ప్రయోగ విధానాన్ని ఏ పరీక్షకుడూ అంగీకరించడు. సాఫ్ట్‌వేర్ కూర్పు సంఖ్య లేని విశ్లేషణను అంగీకరిస్తున్నారు.

నవీకరించలేని యంత్రాలు

ప్రయోగశాలలలో ఖరీదైన విశ్లేషణ పరికరాలకు కలిపిన పాత కంప్యూటర్లు కొన్ని ఎప్పటికీ ఉంటాయి. పరికరం ఇంకా పదేళ్లు పనిచేస్తుంది, దానిని నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌పై నడవదు. విండోస్ 10కు ఉచిత సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, విండోస్ 11కు అవసరమైన భద్రతా చిప్ లేని యంత్రాలు కూడా ఈ జాబితాలో చేరాయి. వీటిలో కార్యాలయ పనికి వాడేవాటిపై లినక్స్‌ను స్థాపించి మరికొన్నేళ్లు సురక్షితంగా వాడుకోవచ్చు. పరికరానికి కలిపిన వాటిని ఇంటర్నెట్ నుంచి, కార్యాలయ నెట్‌వర్క్ నుంచి పూర్తిగా వేరుచేయాలి. ఫలితాలను బయటకు తీసే పెన్‌డ్రైవ్‌ను ఆ పనికే కేటాయించి, ప్రతిసారీ నవీకరించిన వేరొక యంత్రంలో పరీక్షించిన తరువాతనే వాడాలి. ఆ పాత యంత్రపు హార్డ్‌డిస్క్ మొత్తానికి ఒక ప్రతిబింబం తీసి భద్రపరచడం పరికరం కొన్న నాడే జరగవలసిన పని; ఇంతవరకు జరగని చోట తరువాతి నమూనాల విశ్లేషణ మొదలుపెట్టే ముందు చేయడం మేలు.